సైగతో పిలిచిన కుక్క

జగిత్యాలలో మా బిడ్డ ఇంట్లో ఒక ముసలి కుక్క ఉంది. దానికి పదమూడో ఏడు నడుస్తోంది. ఈ ఎండాకాలం నుంచి ఏదో అయింది, ఏమైందో ఎవరికీ అంతుపట్టడం లేదు. తలుపు తీస్తే తెరుచుకున్న వైపు కాకుండా మడతబందులున్న వైపు పోయి నిలబడుతుంది. తిన్న గిన్నె దగ్గరికే మళ్లీ పోయి, ఇంకా అన్నం పెట్టలేదన్నట్టు మా ముఖాలు చూస్తుంది. పిలిస్తే ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. మా బిడ్డ ఇవన్నీ తారీకులతో సహా ఫోనులో రాసుకుంది. నాకు అది ముచ్చటేసింది, ఎందుకంటే నేనూ ఒకప్పుడు ఇట్లాంటి లెక్క ఒకటి గోడ మీద బొగ్గుతో రాశాను.

మొన్న దాన్ని డాక్టరుకు చూపించడానికి పోతుంటే నేనూ చీర మార్చుకున్నాను.

"నువ్వెందుకమ్మా? గాడ గంటలు గంటలు కూసోవాలె. నీ నడుము పడిపోతది."

"కుక్క రోగం సంగతి నాకెర్కే. నడు," అన్నాను.

తను ఇంకేదో అంది గాని నేను పట్టించుకోలేదు. నిజానికి నాకు తెలిసింది ఒకే ఒక్క కుక్క రోగం. అదీ పదేళ్ల వయసులో.

డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపిక గలది. కుక్క కళ్లలో లైటు వేసి చూసింది, పళ్లు చూసింది, ముందుకాలి నుంచి రక్తం తీసింది. రిపోర్టు వచ్చేదాకా బయట కూర్చోమంది. ఇనుప బెంచీ మీద కూర్చున్నాం. ఫినాయిలు వాసన, తడిసిన బొచ్చు వాసన, ఎవరి కుక్కకో పట్టిస్తున్న చేదుమందు వాసన. ఈ మూడూ కలిసిన గాలిని నేను అంతకుముందు ఒకసారే పీల్చాను. అది కోరుట్లలో, పసుల దవాఖాన మెట్ల మీద, మా తాత పక్కన కూర్చున్నప్పుడు.

మేం సిరిసిల్ల వాళ్లం. మాది సాంచాల ఇల్లు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. ముందు రేకుల కార్ఖానా, అందులో ఎనిమిది సాంచాలు. వెనక మేముండే రెండు గదులు, వంటిల్లు. వాడలో ప్రతి ఇల్లూ ఇంచుమించు అంతే. రాత్రీ పగలూ వాడంతా ఒకటే మోత. ఆ మోతలోనే పుట్టిన వాళ్లం కాబట్టి మాకది మోత అనిపించేది కాదు. చుట్టాలు వచ్చి చెవులు మూసుకుంటే, పాపం వీళ్లకు చెవిపోటు ఉన్నట్టుంది అనుకునేదాన్ని.

కార్ఖానాలో నోటికి పని లేదు. గొంతు చించుకున్నా పక్క సాంచ మీద ఉన్న మనిషికి వినపడదు. అన్నీ సైగలే. చూపుడువేలు గిరగిరా తిప్పితే నూలు చుట్టిన కండెలు అయిపోయాయని. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్ అని. రెండు పిడికిళ్లు కలిపి విడదీస్తే పోగు తెగిందని. మనుషులకూ సైగలుండేవి. మీసం మెలేస్తే మా తాత. ముక్కుపుల్ల మీద వేలు పెడితే మా బాపమ్మ, అంటే తాత భార్య, మా నాయనమ్మ. నావి రెండు జడలు కాబట్టి రెండు భుజాల మీద రెండు వేళ్లు పెడితే అది నేను.

మా కుక్కకూ సైగే. చెయ్యి పైకెత్తి రెండు వేళ్లు కుక్క చెవుల్లాగా ఆడిస్తే, అది ఎక్కడున్నా చూసి తోక ఊపుకుంటూ వచ్చేది. దానికి వేరే పేరు లేదు. పెట్టాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. మా అమ్మ కొత్తకోడలుగా వచ్చిన నాటికి అది పిల్లట. అంటే ఆ ఇంట్లో నాకంటే దానికే హక్కు ఎక్కువ.

మూడో సాంచ పక్కన గచ్చు మీద దాని చోటు. గడ్డం నేలకు ఆనించి రోజంతా అక్కడే పడుకునేది. దాని రంగు గోధుమ రంగే గాని సాయంత్రానికి దూది రాలి రాలి తెల్లకుక్క అయ్యేది. నేను బడి నుంచి వచ్చాక దాని ఒళ్లు దులిపి, దగ్గి, మళ్లీ దులిపేదాన్ని. కార్ఖానాలో ఎప్పుడూ గంజి వాసన, సాంచాల నూనె వాసన. వెనక వంటింట్లో బాపమ్మ సర్వపిండి కాలిస్తే మాత్రం ఆ రెండూ ఓడిపోయేవి. గిన్నెకు పిండి పలచగా అద్ది, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో చుక్క నూనె పోసేది. పల్లీలు, నువ్వులు వేగే ఆ వాసనకు కుక్కా నేనూ ఒకేసారి లేచేవాళ్లం. నా ముక్కలో మాడిన అంచు దానిది. అది మా ఒప్పందం.

తాత సంగతి కొంచెం చెప్పాలి. సాంచాలు నడపడం మా బాపుకు, అంటే మా నాన్నకు అప్పగించినా, పెత్తనం తాతదే. వంటింటి గడప మీద చెప్పుల్లేకుండా కూర్చుని చుట్ట తాగుతూ, ఉన్నట్టుండి "ఐదో సాంచ సూడుండ్రి, నాడె తప్పుతున్నది" అనేవాడు. వెళ్లి చూస్తే నిజంగానే ఐదో సాంచలో అటూ ఇటూ ఉరికే నాడె దారి తప్పుతూ ఉండేది. ఎనిమిది సాంచాల మోతలో ఒక్క సాంచ లోపం పట్టేసేవాడని వాడంతా చెప్పుకునేది. "ముసలాయనవి పాముచెవులు" అనేవారు. ఆయనకు ఒక పట్టింపు ఉండేది. ఎవరేం చెప్పాలన్నా ఎదురుగా వచ్చి చెప్పాలి. వెనక నుంచి మాట్లాడితే మర్యాద లేనట్టు. "ముంగటికొచ్చి చెప్పు" అనేవాడు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక కుక్కకు జబ్బు మొదలైంది. బాగానే పడుకున్నది ఉన్నట్టుండి తల ఎత్తుతుంది. లేచి, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. గోడకు గుద్దుకుంటుంది, నీళ్ల గోళేనికి గుద్దుకుంటుంది, సన్నగా మూలుగుతుంది. అరగంటకో గంటకో మళ్లీ ఏమీ జరగనట్టు పోయి పడుకుంటుంది. ఒక రోజు మూడుసార్లు వస్తుంది, తర్వాత రెండు రోజులు రానే రాదు. దానికితోడు సైగ చేస్తే రావడం మానేసింది. ఎదురుగా నిలబడి వేళ్లు ఆడించినా ముఖం అటు తిప్పుకునేది. అది నన్నే కాదనుకుందని నాకు ఏడుపొచ్చింది.

రోగం ఏదో తేల్చడానికి ఇంట్లో ఎవరికి వారే డాక్టర్లు.

"కడుపుల పోగు సుట్టుకున్నది," అన్నాడు తాత. ఆయనకు లోకంలో ఏ రోగమైనా పోగు రోగమే. నాకు జ్వరమొచ్చినా ఏదో పోగు బిగుసుకుందనే అనేవాడు. కార్ఖానా నేల మీద తెగిన పోగులు పడి ఉంటాయి, గంజి రుచికి నాకి మింగేసిందని ఆయన వాదన. ఆముదం పట్టించాడు. రెండు రోజులు వాకిలి కడగడం నా పని అయింది. పోగు మాత్రం పడలేదు. "ఇంక లోపట్నే ఉన్నది. గట్టిగ సుట్టుకున్నది," అన్నాడు గాని తన మాట తప్పని ఒప్పుకోలేదు.

బాపమ్మ లెక్కలో అది దిష్టి. మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. మేమందరం తుమ్మాం, కుక్క కూడా తుమ్మింది, గుండ్రంగా తిరగడం మాత్రం మానలేదు. దాంతో వేములవాడ రాజన్నకు కోడె మొక్కింది. మొక్కు తీరితే కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేసి రావాలి. మనుషులకు బాగు కావాలని అందరూ మొక్కుతారు, కుక్క కోసం మొక్కింది మా బాపమ్మ ఒక్కతే అయ్యుంటుంది.

"కుక్కకు కోడె మొక్కుడేందే అవ్వా?" అని మా బాపు తన తల్లిని చూసి పడీ పడీ నవ్వాడు. "అటెన్క కుక్క గూడ గుడి సుట్టు తిరుగాల్నా?"

"నీకేమెర్క? దేవునికి నోరులేనియన్ని ఒక్కటే," అంది బాపమ్మ.

ఆ వారమే పక్కింటి బర్రెకు మందివ్వడానికి కొడిమ్యాల నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. పశువులకు నాటుమందు ఇచ్చేవాడు. మా వాకిట్లోకి కూడా పిలిచారు. కుక్క చెవి వాసన చూశాడు, తోక ఎత్తి చూశాడు, కనురెప్ప లాగి చూసి "వాతం" అన్నాడు. నల్లటి గోలీలు బెల్లంలో పెట్టి తినిపించమన్నాడు. మా కుక్క బెల్లం అంతా చప్పరించి, గోలీని మాత్రం శుభ్రంగా నేల మీద పెట్టింది. రోగం ఏదైనా తెలివి బాగానే ఉందని నాకు ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక మధ్యాహ్నం అది తోవకు అడ్డంగా పడుకుని ఉంటే, జరపడానికి బాపమ్మ వెనక నుంచి దాని నడుము మీద చెయ్యి వేసింది. అది ఉలిక్కిపడి లేచి ఆ చేతిని నోట పట్టింది. పళ్లు దిగలేదు, రక్తం రాలేదు. గాజు ఒకటి పగిలింది, అంతే. కానీ పన్నెండేళ్లలో అది ఒక్క మనిషినీ అట్లా పట్టలేదు. వాడలో వాళ్లు వచ్చి దూరంగా నిలబడి చూశారు. "ఎర్రి లేసినట్టున్నది," అన్నారు. కార్ఖానాలోకి పనివాళ్లు రావడానికి వెనకాడారు.

తాత చుట్ట ఆర్పేశాడు. "వచ్చే ఐతారం దాకా సూద్దాం. తక్వ కాకపోతె వీర్నపల్లి అడివిల ఇడిసొస్త," అన్నాడు.

ఆ అడవి గురించి నాకు తెలిసిందల్లా అందులోకి పోయిన గొర్రె తిరిగి రాదని. ఆ రోజు శుక్రవారం. ఐతారం అంటే ఆదివారం, ఎల్లుండి కాదు, ఆ పై ఆదివారం. నా చేతిలో తొమ్మిది రోజులున్నాయి.

కండెలు చుట్టే చోట గోడ మీద లెక్క మొదలుపెట్టాను. అది తిరగడం మొదలుపెట్టినప్పుడల్లా బొగ్గుతో ఒక గీత. పక్కనే, అప్పుడు ఏం జరిగిందో చిన్న బొమ్మ. వాన పడితే చుక్కలు, అన్నం తిన్నాకైతే గిన్నె, చుట్టాలు వస్తే గొడుగు. నాలుగు రోజులకు గోడ నిండింది గాని ఒకదానికొకటి పొంతన కుదరలేదు. అన్నం తిన్నా తిరిగింది, తినకున్నా తిరిగింది. వానలో తిరిగింది, ఎండలో కూడా తిరిగింది. ఐదో రోజు మళ్లీ గీత గీస్తుంటే ఒక వింత తోచింది. గోడ మీద బొగ్గు గీసుకుంటున్న చప్పుడు నాకు వినపడుతోంది.

కార్ఖానా పక్క గోడ మీద బొగ్గు చప్పుడు వినపడటం ఏమిటి? చెయ్యి ఆపి చూశాను. సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. కరెంటు పోయింది. వెనకటి గీతలు గీసినప్పుడు కూడా అంతే, ఆ గరగరమనే చప్పుడు విన్నట్టే గుర్తొచ్చింది. కరెంటు పోవడం మాకు ఎంత మామూలంటే దానికి బొమ్మ వేయాలని నాకు తట్టనే లేదు.

అనుమానం తీర్చుకోకుండా ఉండలేకపోయాను. మరునాడు బడి ఎగ్గొట్టాను. మధ్యాహ్నం ఎనిమిది సాంచాలు జోరుగా నడుస్తున్నాయి, కుక్క హాయిగా పడుకుని ఉంది. స్టూలు ఎక్కి మెయిన్ స్విచ్చు కిందికి లాగేశాను. సాంచాలు గుక్కపట్టినట్టు ఆగిపోయాయి. పనివాళ్లు మళ్లీ పోయిందని కరెంటోళ్లను తిట్టుకున్నారు. నేను కుక్కనే చూస్తున్నాను. గడ్డం ఎత్తింది. లేచింది. ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు, గోళేనికి గుద్దుకుంది. నాకు సంబరం ఆగక చప్పట్లు కొట్టాను. స్టూలు మీద, స్విచ్చు పక్కన, చప్పట్లు కొడుతూ మా బాపుకు దొరికిపోయాను.

వీపు మీద రెండు పడ్డాయి. "పోగులన్ని తెగె గదనే! ఏం పుట్టింది నీకు?"

"కరెంటు పోతేనే కుక్కకు రోగమొస్తున్నది బాపూ! నేను సూసిన!"

"కరెంటు పోతె ఆగనీకి అదేమన్న సాంచనా?" అన్నాడు. పనివాళ్లంతా గొల్లుమన్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి, నేను ఎప్పుడు దిగాలుగా కూర్చున్నా "ఏమే, కరెంటు పోయిందా?" అని ఏడిపించేవారు.

తాత ఒక్కడే నవ్వలేదు. గడప మీద నుంచి లేచి వచ్చి, "ఏమంటున్నవే? ముంగటికొచ్చి చెప్పు," అన్నాడు. ముక్కు చీదుకుంటూ ఎదురుగా నిలబడి అంతా మళ్లీ చెప్పాను. ఆయన చాలాసేపు కుక్కను చూశాడు. తర్వాత తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "రేపు కోరుట్లకు పోదాం. మీ మామ చెప్పే పసుల డాక్టర్ను అడుగుదాం," అన్నాడు. కోరుట్ల మా అమ్మ పుట్టిల్లు. అక్కడి పసుల దవాఖాన డాక్టరు పశువుతో కూడా మర్యాదగా మాట్లాడతాడని మా మామ ఎప్పుడూ చెప్పేవాడు.

కుక్కను బస్సులో ఎక్కనివ్వరు. పెద్ద గంపలో కూర్చోబెట్టి, పైన నా పాత లంగా కప్పాం.

"గంపల ఏమున్నది?" అన్నాడు కండక్టరు, తాత పక్కన నిలబడి.

తాత కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. జవాబు ఇవ్వలేదు. ఇక నేనే అందుకోవాల్సి వచ్చింది. "మేకపిల్ల," అన్నాను.

"అరుస్తలేదేంది?"

"పండుకున్నది."

నిజంగానే పడుకుంది. గతుకుల రోడ్డు మీద బస్సు మా ఎముకలు కదిలిస్తుంటే, అది గంప అడుగుకు గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది. నెల రోజుల్లో దాన్ని అంత నిమ్మళంగా నేను చూడలేదు. వేములవాడలో బస్సు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపి చాయ్‌కి దిగాడు. గుండ్లు చేయించుకుని పసుపు రాసుకున్న జనం తోసుకుంటూ ఎక్కారు. అప్పుడు గంప కదిలింది. లోపల నుంచి మూలుగు మొదలైంది. లంగా పక్కకు జారి, నెరిసి బూడిదరంగైన మూతి ఒకటి బయటికి వచ్చింది.

"గిదేం మేకనే?" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. దించేస్తానన్నాడు. అప్పుడే గుండు చేయించుకున్న ఒక ముసలమ్మ, "రాజన్న కాడ నోరులేనిదాన్ని దించుతవా కొడుకా?" అంది. ఆయన గుడి గోపురం వైపు ఒకసారి చూసి, "కరిస్తె నాకు తెల్వది మల్ల," అని ముందుకు పోయాడు. ఇంజను మొదలైంది. మూలుగు ఆగిపోయింది.

"తాతా! బస్సు నడిస్తె మంచిగైతున్నది, ఆగితె గట్ల చేస్తున్నది!" అని అరిచాను. తాత కిటికీ వైపే ముఖం పెట్టి కూర్చున్నాడు. మేకపిల్ల అని అబద్ధం ఆడినందుకు కోపమొచ్చిందేమో అనుకున్నాను.

పసుల దవాఖాన మెట్ల మీద మా వంతు కోసం కూర్చున్నాం. ముందు ఒక బర్రె, ఒక మేక, అసలైన మేక. లోపలికి పిలిచారు. డాక్టరు లావు అద్దాల ఆయన. కాగితం తీసి, "ఏం పేరు?" అన్నాడు.

తాత తన పేరు చెప్పాడు.

"నీది కాదు పెద్దమనిషీ. కుక్కది."

"దానికి పేరు లేదు సారు."

"మరి ఎట్ల పిలుస్తరు?"

తాత చెయ్యి పైకెత్తి రెండు వేళ్లు ఆడించాడు. డాక్టరు ఆ వేళ్లను చూశాడు, నన్ను చూశాడు.

"నోటితోని పిలువరా?"

"కార్ఖానల నోరెవలికి ఇనవడ్తది సారు?"

డాక్టరు కలం కింద పెట్టాడు. కుర్చీలోంచి లేచి మా వెనక్కి వచ్చాడు. మరుక్షణం బండలు పగిలిన చప్పుడు. నేను ఎగిరిపడ్డాను. బయట బర్రె పలుపు గుంజుకుంది, మేక అరిచింది. కత్తెరలున్న స్టీలు పళ్లేన్ని ఆయన కావాలనే బండల మీద వదిలేశాడు. మా కుక్క చెవి కూడా కదలలేదు.

"సూసినవా తాతా?" అంటూ తిరిగాను.

తాత ఖాళీ కుర్చీ వైపు చూస్తూ, చేతులు కట్టుకుని, డాక్టరు అడగబోయే తర్వాతి ప్రశ్న కోసం బుద్ధిగా ఎదురుచూస్తున్నాడు.

డాక్టరు కూడా చూశాడు. నా వైపు ఒకసారి చూసి ముందుకు వచ్చి, కుర్చీ దగ్గరకు లాక్కుని, తాత ముఖానికి ముఖం పెట్టి నెమ్మదిగా చెప్పాడు.

"కుక్కకు చెవుడు. నిన్న మొన్నటిది కాదు, ఏండ్ల సంది. మీరు సైగ చేసిండ్రు, అది సూసి వచ్చింది. గందుకే మీకు తెల్వలే. ఇప్పుడు కండ్లకు పొర వచ్చింది, సైగ కనవడ్తలేదు. ఎన్క నుంచి ముడితె భయపడి నోరేసింది. ఎర్రి గాదు, ఏం గాదు."

పన్నెండేళ్లు మా కళ్ల ముందు తిరిగిన కుక్కకు చెవులు వినపడవని మాకెవరికీ తెలియలేదు. ఇంకో ఇంట్లో అయితే వారం రోజుల్లో పట్టేసేవారు. మా ఇంట్లో దాన్ని నోరారా పిలిచిన వాడు ఒక్కడు ఉంటే కదా!

"మరి కరెంటు పోతె ఎందుకు తిరుగుతది సార్?" అన్నాను. నా గోడ మీది లెక్కకు జవాబు రానిదే కదిలేది లేదు.

ఆయన అద్దాలు తుడుచుకున్నాడు. "అది నాకు సమజైతలేదు బిడ్డా," అన్నాడు. డాక్టరైనా తెలియదని చెప్పగలిగాడు. ఆయన మీద నాకు ఆ గౌరవం ఇప్పటికీ ఉంది.

తాత నా పెదవుల వైపే చూస్తున్నాడు. తర్వాత నేల చూస్తూ అన్నాడు.

"అదురు సారు. సాంచాలు నడుస్తుంటె నేల అదురుతది. మూడో సాంచ కాడ ఒక తీరు అదురు, ఐదో దాని కాడ ఒక తీరు. గోడ ఎటున్నది, గడప ఎటున్నది, కాళ్లకే తెలుస్తది. అన్ని బందైనయనుకో, యాడున్నమో తెల్వది."

యాడున్నదో తెల్వది అనలేదు. యాడున్నమో అన్నాడు. ఆ ఒక్క అక్షరం నాకు గుచ్చుకుంది. పాముచెవులన్నారే, ఆ చెవులు ఎక్కడున్నాయో తెలిసింది. చెప్పుల్లేకుండా గడప మీద ఎందుకు కూర్చుంటాడో తెలిసింది. ముంగటికొచ్చి చెప్పమనడం పెద్దరికం కాదని తెలిసింది. ఎన్నాళ్ల నుంచి మమ్మల్నందరినీ పెదవుల మీదే వింటున్నాడో!

"నీకెట్ల ఎర్క తాతా?" అని అడగబోయి ఆగిపోయాను.

నేను కళ్లార్పకుండా చూస్తుంటే ఆయనకు ఏదో అనుమానం వచ్చింది. "ఏందే, గట్ల సూస్తున్నవ్?" అన్నాడు.

నేను లేచి ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాను. పెదవులు బాగా కదిలిస్తూ, "ఏం లేదు తాతా," అన్నాను.

ఐతారం వచ్చింది. తాత అడవి ఊసెత్తలేదు. బాపమ్మే ఉండబట్టలేక అడిగింది. "వీర్నపల్లి అడివిల ఇడుస్తనంటివి గద?"

"అడివిల నేల అదురుతదా?" అన్నాడు తాత. బాపమ్మకు ఏం అర్థమైందో గాని మళ్లీ అడగలేదు. కోడె మొక్కు మాత్రం తీర్చింది. కుక్కకు జబ్బు తగ్గలేదు కదా అంటే, జబ్బు లేదని తేలింది కదా అంది.

ఆ తర్వాత కరెంటు పోతే బాపమ్మ రోకలి తీసుకుని గడప దగ్గర నేల మీద దంచేది. కుక్క తల ఎత్తి, ఆ అదురు పట్టుకుని మెల్లగా ఆమె దగ్గరికి వచ్చి పడుకునేది. పిలవాలంటే సైగ మానేసి కాలితో నేల రెండుసార్లు తొక్కేవాళ్లం. ముసలితనంలో దానికి దొరికిన పేరు అది. కొన్నాళ్లకు నేనొకటి గమనించాను. అన్నాలప్పుడు బాపమ్మ వంటింట్లో నిలబడి నేల రెండుసార్లు తొక్కేది. అటు నుంచి కుక్క వచ్చేది, ఇటు నుంచి తాత వచ్చేవాడు.

"ఎవలను పిలుస్తున్నవే?" అన్నాడు మా బాపు ఒకరోజు నవ్వుతూ.

"ఎవలొస్తె ఆళ్లు," అంది బాపమ్మ తల ఎత్తకుండా. ఆమెకు నాకంటే చాలా ముందే తెలుసని అప్పుడనిపించింది. నేను ఎవరికీ చెప్పలేదు.

కుక్క ఇంకో ఏడాదిన్నర బతికింది. మూడో సాంచ పక్కనే, సాంచాలు నడుస్తుండగా పోయింది. పడుకుందనుకుని సాయంత్రం దాకా ఎవరం లేపలేదు. దాని ఒంటి నిండా దూది రాలి ఉంది. నేను చివరిసారి దులిపాను. తాత నాలుగేళ్లకు పోయాడు. ఆ సాంచాలు ఎప్పుడో తుక్కు కింద పోయాయి. ఆమధ్య ఆ వాడకు పోయి, చెప్పులు విడిచి కాసేపు నిలబడ్డాను. మా ఇల్లున్న చోట నేల కదలకుండా ఉంది. నేను పెళ్లై వెళ్లింది కూడా సాంచాల ఇంటికే. అక్కడ ఇరవై ఏళ్లు ఆ మోతలోనే పనిచేశాను, బిడ్డను కన్నాను, పెంచాను.

మా బిడ్డ వచ్చి భుజం తట్టింది. రిపోర్టు వచ్చిందట. ఎంతసేపటి నుంచి పిలుస్తోందో, చిరాగ్గా ఉంది. లోపలికి పోయాం. కుక్కను బల్ల మీద నిలబెట్టి మా బిడ్డ పట్టుకుంది. డాక్టరమ్మ కాగితం చదువుతోంది. నేను కుక్క ముఖమే చూస్తున్నాను. దీని రోగం ఏమై ఉంటుంది, దీన్ని కూడా వెనక నుంచి పిలిచి చూస్తే బాగుండు అనుకుంటున్నాను.

ఉన్నట్టుండి కుక్క ఉలిక్కిపడింది. చెవులు నిక్కబొడుచుకుని తలుపు వైపు తిరిగింది. డాక్టరమ్మ కూడా అటే తిరిగింది, మా బిడ్డ కూడా. ఏం చూస్తున్నారా అని నేనూ తిరిగి చూశాను. తలుపు దగ్గర నేల మీద స్టీలు పళ్లెం ఒకటి బోర్లా పడి ఇంకా ఊగుతోంది. నర్సమ్మ వంగి కత్తెరలు ఏరుకుంటోంది.

"చెవుడు కాదు డాక్టరమ్మా!" అన్నాను సంబరంగా. "దీనికి చెవులు మంచిగున్నయ్. రోగం ఇంకేందో సూడుండ్రి."

మా బిడ్డ కుక్కను చూడటం లేదు, నన్ను చూస్తోంది. ఆ చూపు నాకు కొత్త కాదు. పదేళ్ల వయసులో కోరుట్ల దవాఖానలో ఆ చూపు నాదే.

"ఏందే, గట్ల సూస్తున్నవ్?" అన్నాను.

మా బిడ్డ బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా ఎదురుగా నిలబడింది. పెదవులు బాగా కదిలిస్తూ, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"ఏం లేదమ్మా."